జరిగినది, జరిగి ఉండవలసినది

ఆంగ్ల వ్యాకరణంలో భూతకాలమనగానే మన విద్యార్థులకు క్రియారూపాల పట్టికలు జ్ఞప్తికి వస్తాయి. 'గో, వెంట్, గాన్' అని తప్పులేకుండా వల్లించినవాడు భూతకాలాన్ని జయించినట్లే భావిస్తాడు. కాని గడచిపోయిన సంగతిని గురించి మనం చెప్పేది 'జరిగింది', 'జరగలేదు' అనే రెండు మాటలేనా? జరిగి ఉంటుందని ఊహిస్తాము, జరిగి ఉండవచ్చునని సందేహిస్తాము, జరగవలసిందని విచారిస్తాము. ఈ భావాలను తెలుపుటకే ఆంగ్లంలో మస్ట్, మే, మైట్, కుడ్, షుడ్ అనే సహాయక క్రియలున్నవి. మనవారు మిక్కిలి తడబడేది ఇక్కడనే.

నా విద్యార్థి దశలోని ఒక అనుభవం చెప్పుకొంటాను. నాలుగు రోజులు తరగతికి రానందుకు సంజాయిషీ వ్రాస్తూ, తండ్రిగారి అనారోగ్యం వలన ఊరికి వెళ్లవలసి వచ్చిందనే అర్థంలో 'ఐ షుడ్ హావ్ గాన్ టు మై విలేజ్' అని వ్రాశాను. అధ్యాపకులు చదివి, "వెళ్లవలసినవాడివి వెళ్లలేదన్నమాట! మరి నాలుగు రోజులూ ఎక్కడున్నావు?" అన్నారు. తరగతి నవ్వింది. నిజం చెప్పినవాడను అబద్ధీకునిగా నిలబడ్డాను. నేను వ్రాయవలసినది 'ఐ హాడ్ టు గో' అని.

ఇప్పుడు ఆలోచిస్తే తోచేదేమంటే, ఆ భేదం నాకు తెలియనిది కాదు. తెలుగులో 'వెళ్లవలసి వచ్చింది' అంటే వెళ్లినట్లు. ఉత్త 'వెళ్లవలసింది' అంటే వెళ్లనట్లు. నా ప్రక్కన కూర్చున్న ఉర్దూ మిత్రునికీ తెలుసు: 'జానా పడా' వేరు, 'జానా చాహియే థా' వేరు. ఇంట్లో ఇద్దరమూ ఎన్నడూ పొరబడని చోట ఆంగ్లంలో పొరబడడానికి కారణం, ఆ రెంటినీ కలిపి చూపినవారు లేకపోవడమే.

'హి మస్ట్ హావ్ గాన్' అన్నదీ అంతే. మస్ట్ అనగానే 'తప్పనిసరి' అని కంఠస్థం చేసినవాడు దీనిని 'అతడు తప్పక వెళ్లవలసి వచ్చింది' అని అనువదిస్తాడు. నిజానికి అది 'వెళ్లి ఉంటాడు', 'గయా హోగా' అనే ఊహ. దానికి వ్యతిరేకం బ్రిటిష్ వాడుకలో సాధారణంగా 'కాంట్ హావ్ గాన్'. అనగా 'వెళ్లి ఉండడు'. ఈ భేదం పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదు. 'అతడు డబ్బు తీశాడు' అనడం ఆరోపణ. 'తీసి ఉంటాడు' అనడం అనుమానం. ఒక మనిషి పరువు ఈ రెంటి నడుమ నిలిచి ఉంటుంది.

మాతృభాషల సహాయంతో అన్నీ తేలుతాయని నేననను. 'ఐ నీడ్‌న్ట్ హావ్ కమ్' అంటే వచ్చాను గాని రానవసరం లేకపోయిందని అర్థం. 'ఐ డిడ్‌న్ట్ నీడ్ టు కమ్' అంటే రావలసిన అవసరం లేదని మాత్రమే. వచ్చినదీ రానిదీ ఆ వాక్యం చెప్పదు. ఇట్టివి ప్రత్యేకంగా నేర్వవలసినవే. ఈ క్రియల స్వభావమూ విచిత్రమైనది. మస్ట్, షుడ్, కుడ్, మైట్ అన్నీ పుట్టుకచేత భూతకాల రూపాలే. కాలక్రమాన వర్తమానంలో స్థిరపడినవి. అందుచేత గతాన్ని ఇట్లు ఊహించుటకు, విచారించుటకు 'హావ్' ఊతకర్ర కావలసి వచ్చినది. ఆ 'హావ్' సంభాషణలో నలిగిపోగా, ఆంగ్లేయులలోనే కొందరు 'కుడ్ ఆఫ్' అని తప్పు వ్రాస్తారు. కనుక మనం సిగ్గుపడి నోరు మూసుకోనక్కరలేదు.

ఆంగ్ల తరగతిలో మాతృభాష వినిపిస్తే ఆంగ్లం చెడుతుందని కొందరు పెద్దల అభిప్రాయం. మాటకు మాట పెట్టి అనువదించడం వలన చెడుతుందేమో గాని, భావానికి భావం పోల్చి చూడడం వలన చెడదు. రెండు భాషలు ఒకే బల్లపై కూర్చునే మా వంటి కళాశాలలో ఈ పోలికకు కావలసిన సంపద చేతికందేంత దూరంలో ఉన్నది. నల్లబల్లపై ఆంగ్ల వాక్యం క్రింద తెలుగు వాక్యమొకటి, ఉర్దూ వాక్యమొకటి వ్రాయుటకు పట్టేది ఒక్క నిమిషం.

ఆ నిమిషం నాకు ఆనాడు దొరికి ఉంటే తరగతిలో తలవంచుకొని ఉండేవాడను కాను. నా తరువాతివారికైనా అది దొరకాలని నా కోరిక.