పోయింది దిష్టి కాదు... చేప!

'అక్వేరియంలో చేప చచ్చిపోయిందా? బాధపడకండి. ఇంటికి రావాల్సిన కీడేదో అది తీసుకుపోయింది'... చేపలు పెంచే ఇళ్లలో తరచూ వినిపించే ఓదార్పు ఇది. పిల్లల ఏడుపు మాన్పించడానికి పనికొస్తుందేమో కానీ మిగిలిన చేపల్ని మాత్రం కాపాడదు. ఎందుకంటే చాలాసార్లు చేపను చంపేది ఎవరి కళ్లో కాదు, మనం పోసిన నీళ్లే!

ఆదివారం సరదాగా వెళ్లి తొట్టె, రంగురాళ్లు, పది చేపలు ఒకేసారి కొనుక్కొచ్చేస్తాం. చిక్కంతా అక్కడే. చేపలు విసర్జించిన మలినాలు, మిగిలిపోయిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో, రాళ్ల మీద పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఫిల్టర్ ఆడిస్తూ, రోజూ చిటికెడు మేత వేస్తూ ఖాళీ తొట్టెనే ఉంచాలి. ఆ తర్వాత చేపల్ని రెండేసి చొప్పున తెచ్చుకోవాలి. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కదా అంటారా? అమ్మోనియా కంటికి కనిపించదు మరి!

కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపాకే ఆ నీళ్లు పోయాలి. బోరు నీళ్లలో ఉప్పదనం, గట్టిదనం ఎక్కువైతే గప్పీలు, మోలీలు తట్టుకుంటాయి. నియాన్ టెట్రాలు ఇబ్బంది పడతాయి. అందం చూసి కాదు, మన ఇంటి నీళ్లు చూసి చేపల్ని ఎంచుకోవాలి. రెండు మగ ఫైటర్లను ఒకేచోట ఉంచితే కొట్టుకు చస్తాయి. గోల్డ్‌ఫిష్ సరిగా చూసుకుంటే జానెడు పెరిగి, పదేళ్లకు పైగా బతుకుతుంది. దాన్ని చిన్న గాజు గిన్నెలో పెట్టడం న్యాయమేనా?

శుభ్రం పేరుతో నెలకోసారి తొట్టె మొత్తం ఖాళీ చేసి సబ్బుతో తోమేయడం మరో పొరపాటు. దాంతో మేలు చేసే సూక్ష్మజీవులూ పోతాయి. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, కొత్తవి పోస్తే చాలు. ఫిల్టర్‌లోని స్పాంజిని కూడా ఆ తీసిన నీళ్లలోనే పిండాలి.

అద్దం శుభ్రం చేస్తుందని షాపువాళ్లు అంటగట్టే సక్కర్ చేప సంగతీ చెప్పుకోవాలి. అది అడుగుకు పైగా పెరుగుతుంది. అప్పుడు చెరువులో వదిలేసి పుణ్యం చేశామనుకుంటాం. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప ఇప్పటికే మన చెరువుల్లో చేరి వలలు చింపుతూ మత్స్యకారుల్ని ఏడిపిస్తోంది.

మరి ఈ పనులన్నీ ఎవరు చేయాలి? కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్తారు. నీళ్లు మార్చాల్సి వచ్చేసరికి అమ్మ ఒక్కతే మిగులుతుంది. తొట్టె ఇంట్లోకి రాకముందే మేత ఎవరు వేస్తారో, బకెట్టు ఎవరు మోస్తారో తేల్చుకోండి. ఎవరూ ముందుకు రాకపోతే కొనడం మానేయండి. తొట్టెలోనివీ ప్రాణాలే, షోకేసులో బొమ్మలు కావు. ఇప్పటికే కొన్నారా? అయితే ఈసారి చేప తేలితే దిష్టి తీయకండి, బకెట్టు తీయండి!