వయసు మీరినా వన్నె తగ్గని ఇల్లు

ఆహారం, నిద్ర, వ్యాయామం విషయంలో ఎంతో జాగ్రత్త వహించే గృహస్థులు సైతం తాము నివసించే ఇంటిని ఆరోగ్యంతో ముడిపెట్టి ఆలోచించడం అరుదు. చరకసంహిత ఋతుచర్యను బోధిస్తూ, గ్రీష్మంలో పగటివేళ చల్లని గృహంలో నిద్రించమన్నది. ఇల్లు కూడా పథ్యంలో భాగమేనని దీని భావం.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మా పినపాక ప్రాంతపు ఎండ ఎటువంటిదో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ అడవి అంచు పల్లెలలో కోయలు వెదురు తడికలకు మట్టి మెత్తి, చూరు బాగా కిందికి దించి ఇళ్ళు కట్టుకుంటూ వచ్చారు. ఆ చూరే గోడను అటు వాన నుండీ, ఇటు ఎండ నుండీ కాపాడుతుంది. మందపాటి మట్టిగోడ దాటి లోపలికి చేరడానికి వేడికి చాలాసేపు పడుతుంది. పెంకుల సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది. పలుచని కాంక్రీటు కప్పు మాత్రం పగలంతా కాగి, మనం పడుకునే వేళకు ఆ సెగను గదిలోకి దింపుతుంది.

అలాగని సిమెంటును పూర్తిగా విసర్జించాలని నేననను. గోదావరి భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71 అడుగులకు పైగా పెరిగింది. వరద నీట నానిన మట్టిగోడ నిలువదు. కనుక ఏటిపట్టున ఎత్తయిన రాతి పునాది, కాల్చిన ఇటుక అవసరమే. ఏది ఎక్కడ తగునో తెలిసి వాడడమే వివేకం.

తాతలనాటి మట్టిగోడకు సిమెంటు పూత పూయించడం నేడు పరిపాటి అయింది. ఇది మేలు చేయదు. గోడలోని చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి, కొన్నాళ్ళకు పూత పెచ్చులూడుతుంది. చెమ్మ పట్టిన గదిలో బూజు పెరిగి ఉబ్బసం ఎక్కువవుతుంది. అటువంటి గోడకు సున్నమే తగినది. గానుగ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఏళ్ళ తరబడి గట్టిపడుతూ ఉంటుంది.

కొత్తగా కట్టేవారికీ మార్గమున్నది. కేరళలో లారీ బేకర్ (1917–2007) కాంక్రీటు కప్పు నడుమ పెంకులు పొదిగి సిమెంటు, ఇనుము ఖర్చు తగ్గించాడు. వెదురును కొన్ని వారాలు నీటిలో నానబెడితే అందులోని పిండిపదార్థం కరిగిపోయి పురుగు బెడద తగ్గుతుంది. పాత ఇంటి టేకు ద్వారబంధాలను, వాసాలను పారవేయక తిరిగి వాడుకోవచ్చు. ఆస్‌బెస్టాస్ రేకులను మాత్రం దూరముంచండి. వాటి ధూళి కాన్సర్ కారకం.

ఇటువంటి ఇంటికి ఏటా సేవ తప్పదు. పగుళ్ళు పూడ్చకుంటే తేళ్ళు చేరుతాయి, చెదలు పడతాయి. అయితే అలకడం, వెల్లవేయడం ఇంటి ఆడవారి పనేనని ఊరుకున్నందువల్లనే ఎన్నో మట్టిళ్ళు కూలిపోయాయని నా అభిప్రాయం. అలసిన గృహిణి సిమెంటు గచ్చు కోరుకోవడంలో తప్పేమున్నది? ఏడాదికి రెండు రోజులు ఇంటిల్లిపాదీ చేయి వేస్తే అది ఎవరికీ భారం కాదు.

ఇల్లు తలపెట్టినప్పుడు మేస్త్రీని ఖర్చు ఒక్కటే అడగకండి. ఇరవై ఏళ్ళ తరువాత ఈ గోడ పాడైతే ఎవరు, దేనితో బాగుచేయగలరని కూడా అడగండి.