ఆమె సర్వీసు బుక్కు

గత నెల మా పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. సత్తెనపల్లికి దగ్గర్లో ఉన్న మా ఊరి లూథరన్ చర్చిలో జరిగింది. ఆమెకు 85 ఏళ్లు. పాదిరిగారు పాటల పుస్తకం మూసి, జేబులోంచి కాగితం తీసి ఆమె జీవిత చరిత్ర చదివారు. ఫలానా ఏడు పుట్టారు, ఫలానా ఏడు పెళ్లయింది, భర్త మిలిటరీలో 24 ఏళ్లు దేశసేవ చేశారు, చైనా యుద్ధం నాడూ పాకిస్తాన్ యుద్ధాల నాడూ సర్వీసులో ఉన్నారు, ముగ్గురు పిల్లలు, ఆరుగురు మనవలు, ప్రభువునందు నిద్రించారు. కాగితం అయిపోయింది. దేశసేవ చేసిన భర్త గురించి అందులో నాలుగు మాటలున్నాయి. ఆ 24 ఏళ్లూ ఆయన ఇల్లు పడిపోకుండా కాసిన మనిషి గురించి ఒక్కటీ లేదు. పాదిరిగారి తప్పేమీ లేదు, మేం రాసిచ్చిందే ఆయన చదివారు. రాసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ కాగితంలో ఉండాల్సింది ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

పెదనాన్న 1957లో మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన వాళ్ల సెంటరు. సాపర్లంటే సైన్యంలో ఇంజనీరింగ్ పని చేసేవాళ్లు. వంతెనలు వేస్తారు, దారులు తీస్తారు, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు వెతికి తీస్తారు. 1959 మే నెలలో సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన ముప్పై ఎనిమిదో రోజున నల్ల ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని రైలెక్కాడు. అప్పటికి పెద్దమ్మకు పందొమ్మిదేళ్లు. పెళ్లినాటి నుంచి 1981లో ఆయన హవల్దారుగా రిటైరయ్యేదాకా 22 ఏళ్లు. అందులో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది ఎంతకాలమో ఒక వేసవి మధ్యాహ్నం మేమిద్దరం అరుగు మీద కూర్చుని లెక్కేశాం. రెండు ఊళ్లలో ఫ్యామిలీ క్వార్టర్స్‌లో అయిదేళ్లు, మిగతా ఏళ్లలో వచ్చిన సెలవులన్నీ కలిపితే మూడేళ్లకు కాస్త తక్కువ. ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. లెక్క తేలాక ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎక్కువే ఉంటదనుకున్నా గదరా" అంది.

మిలిటరీలో పద్ధతే అది. ఫీల్డ్ ఏరియాకు పోస్టింగు పడితే పెళ్లాం బిడ్డలు వెంట వెళ్లడానికి లేదు. పీస్ స్టేషన్‌కు వచ్చినా క్వార్టర్స్ సీనియారిటీని బట్టి ఇస్తారు. జవాను పేరు లిస్టులో పైకి పాకేసరికి మళ్లీ ఫీల్డ్ పోస్టింగు వచ్చి కూర్చునేది. ఇక ఊళ్లో అత్తగారిల్లు, ఎకరంన్నర మెట్ట పొలం, ఒక గేదె, మంచం పట్టిన మామగారు, పిల్లలు. పెద్దవాడు మూడేళ్ల వయసులో తండ్రిని చూసి భయపడలేదట, ఏడవలేదట. రెండు రోజులు వెనకాలే తిరిగి, మూడో రాత్రి తల్లి చెవిలో, "అమ్మా, ఈయన ఎప్పుడు వెళ్తాడు?" అని అడిగాడట. ఆ మాట పెదనాన్నకు వినబడిందో లేదో ఆమెకు చివరిదాకా తెలియలేదు. అడగనూ లేదు.

ఆ ఇంటిని నడిపింది ఉత్తరాలు, మనియార్డర్లు. ఉత్తరం మీద చిరునామాలో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఎ.పి.ఓ. అంతే. మనిషి మంచు కొండల్లో ఉన్నా ఎడారిలో ఉన్నా అదే. మీ ఆయన ఎక్కడున్నాడమ్మా అని ఎవరైనా అడిగితే పెద్దమ్మ, "యాభై ఆరులో ఉన్నాడు" అనేది. ఆమెకు అదొక ఊరు. ఆమె దాన్ని చూడలేదు, అక్కడికి రైలు లేదు, కానీ నీలం ఇన్‌లాండు కవరు మాత్రం వెళ్తుంది, వస్తుంది.

ఆమెకు చదవడం, రాయడం వచ్చు. అది ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి 12 మంది. 1842లో హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి లూథరన్ మిషను చర్చి పక్కనే బడి పెట్టుకుంటూ వచ్చింది. చదువు మాట ఎవరూ ఎత్తని వాడల్లోంచి ఆడపిల్లలు పలక పట్టుకుని ఆ బడికి వెళ్లారు. పెద్దమ్మ అక్కడ అయిదో తరగతి దాకా చదివింది. ఊళ్లో మిలిటరీకి వెళ్లినవాళ్ల భార్యలు ఇంకో నలుగురైదుగురు ఉండేవాళ్లు, వాళ్లకు చదువు లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో వాళ్లంతా ఆమె చుట్టూ చేరేవాళ్లు. కొంగు ముడి విప్పి ఉత్తరం తీసి ఇస్తే ఆమె చదివి వినిపించేది. వాళ్లు చెబుతుంటే జవాబు రాసేది. మొగుడూ పెళ్లాల మాటలు మూడో మనిషి నోటి మీదుగా పోవడమంటే ఆ మనిషి మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. ఎవరి ఉత్తరంలోని మాటా ఆ వసారా దాటి బయటికి రాలేదు.

1962 అక్టోబరు 20న చైనా యుద్ధం మొదలైంది. ఆమెకు అప్పుడు రెండో కాన్పు, అయిదో నెల. నవంబరు 21న చైనా కాల్పులు ఆపింది కానీ ఆమెకు మాత్రం యుద్ధం ఆగలేదు. ఎందుకంటే ఉత్తరం రాలేదు. ఏడు వారాలు. ఆ రోజుల్లోనే నేషనల్ డిఫెన్స్ ఫండ్‌కు బంగారం ఇవ్వమని ఊరూరా అడుగుతున్నారు. మా ఊరికీ పెద్దమనుషులు వచ్చారు. పెద్దమ్మ ఒంటి మీద ఉన్నది పెళ్లినాటి చెవికమ్మల జత ఒక్కటే. "ఈ ఇంట్లోంచి మనిషినే ఇచ్చాం నాయనా" అంది. వచ్చినవాళ్లు తల వంచుకుని వెళ్లిపోయారు. డిసెంబరు మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. ఆ ఆదివారమే కమ్మలు రెండూ తీసి కానుక సంచిలో వేసేసింది. అత్తగారు నెల్లాళ్లు మాట్లాడలేదట. ఎందుకలా చేశావని నేను చాలా ఏళ్ల తర్వాత అడిగితే, "అడక్కుండా ఇచ్చేది వేరురా" అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె చెవులకు వేప పుల్లలో గిల్టువో తప్ప బంగారం పెట్టలేదు.

1971 సంగతి కూడా చెప్పాలి. డిసెంబరు 3 నుంచి 16 వరకు, పదమూడు రోజులు. అప్పటికి ముగ్గురు పిల్లలు. ఊళ్లోకి పోస్టుమాను సైకిలు మలుపు తిరిగితే చాలు, ఆ నాలుగైదు ఇళ్ల ఆడవాళ్ల గుండెలు ఆగిపోయేవి. చేతిలో ఉన్నది ఉత్తరమా, టెలిగ్రామా? ఆ పోస్టుమానుకు ఆ సంగతి తెలుసు. రావిచెట్టు దగ్గర నుంచే సైకిలు బెల్లు కొడుతూ, "ఉత్తరమే అమ్మాయ్, ఉత్తరమే!" అని కేకేసుకుంటూ వచ్చేవాడట. ఉత్తరం లేని రోజున కూడా ఊరికే పోకుండా, "ఏం లేదమ్మాయ్, ఏమీ లేదు" అని చెప్పి మరీ వెళ్లేవాడు. ఆ రెండో కేక కోసం కూడా తను వాకిట్లో నిలబడి ఎదురుచూసేదాన్నని పెద్దమ్మ చెప్పింది. ఆ పోస్టుమాను పోయినప్పుడు ఆమె రెండు మైళ్లు నడిచి వెళ్లి చూసి వచ్చింది.

బెంగళూరు క్వార్టర్స్‌లో ఉన్న కాలాన్ని ఆమె పండగలా తలచుకునేది. గది, వంటిల్లు, బయట కొళాయి. పక్కన తమిళావిడ, ఎదురుగా మలయాళీ ఆవిడ. 1966లో సైనికుల భార్యల కోసం ఆవా సంస్థ ఏర్పడింది. దాని వెల్ఫేర్ మీటింగుల్లో ఆమె స్వెటర్ అల్లడం నేర్చుకుంది. మా గుంటూరు ఎండలకు స్వెటర్ ఎవరికి కావాలి? అయినా అల్లుతూనే ఉంది. మొదట ఆయనకు, తర్వాత చర్చిలో బాప్తిస్మానికి తెచ్చే ప్రతి చంటిబిడ్డకూ ఒక ఉన్ని టోపీ. మా తరంలో ఆ ఊళ్లో పుట్టిన క్రైస్తవ పిల్లలందరం మే నెలలో కూడా ఉన్ని టోపీతోనే బాప్తిస్మం పొందాం.

చర్చి ఆమెకు ఓదార్పు మాత్రమే అనుకుంటే పొరపాటు. అదొక క్రమం. తెల్లవారుజామున గంట మోగితే లేచేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు, కడిగే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో పోసేది. నెలాఖరుకు స్త్రీల సమాజం వాళ్లు ఆ పిడికెడు బియ్యం పోగుచేసి, అమ్మిన డబ్బు సంఘానికి ఇచ్చేవాళ్లు. మనియార్డరు ఆలస్యమై ఇంట్లో గంజి కాచుకున్న రోజుల్లోనూ ఆ పిడికెడు తప్పలేదని అత్తగారే అందరికీ చెప్పేది, కొంచెం కోపంతో, కొంచెం గర్వంతో. కోతపండగనాడు తన పెరట్లో మొదటి గుమ్మడికాయ తీసుకెళ్లి పెట్టేది. వేలంలో ఎవరో పాడుకునేవారు. నాకు తెలిసి సంఘం పెద్దల కమిటీలో ఆమెను ఏనాడూ కూర్చోబెట్టలేదు. యాభై ఏళ్లు ఆ నేల ఊడ్చి, ఆ దీపాలు తుడిచి, ఆ బియ్యం కొలిచిన మనిషి. ఇది నాకు బాధగానే ఉంది, చెప్పకుండా ఉండలేను.

2007లో పెదనాన్న పోయాడు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ఆయన పెన్షను కాగితంలో ఆమె పేరు ఎక్కలేదు. పటాలంలో పెళ్లి నమోదు చేయించినప్పుడు గుమాస్తాకు ఆయన చెప్పింది ఊళ్లో పిలిచే పేరు, అదీ హిందీ ఉచ్చారణలో పడింది. రేషన్ కార్డులో ఇంకో పేరు. బాప్తిస్మపు పేరు వేరు. ముగ్గురు ఆడవాళ్లున్నట్టయింది, అందులో ఈమె ఎవరో రుజువు చేసుకోమన్నారు. 67 ఏళ్ల వయసులో, బస్సులో, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని ఆమె ఆఫీసుల చుట్టూ 14 నెలలు తిరిగింది. ఒకచోట, "హవల్దారుగారి భార్య మీరేనని ఏంటమ్మా నమ్మకం?" అని అడిగారు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

చివరికి గట్టెక్కించింది చర్చి రిజిస్టరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పాదిరిగారు పెళ్లి రిజిస్టరు రాసి భద్రపరచాలి. 1959 పుస్తకాన్ని బీరువా అడుగు నుంచి తీశారు. అంచులు చెదలు తిన్నాయి, కానీ ఆ పేజీ బతికింది. వధువు గడిలో బాప్తిస్మపు పేరు, పక్కనే బ్రాకెట్లో పిలుపు పేరు, కింద ఆమె సంతకం. గుండ్రటి అక్షరాలు, మిషను బడి దస్తూరి. ఆ నకలు పెట్టాక ఫ్యామిలీ పెన్షను వచ్చింది.

వచ్చాక ఏటా నవంబరులో బతికున్నానని చెప్పుకోవాలి. మొదట బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టేది. 2014 నుంచి వేలిముద్రతో ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం వాటిని తీసుకోలేదు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించారు. నేను పక్కనే ఉన్నాను. గిన్నెలు తోమి, మిరపకాయలు కోసి, ఉన్ని అల్లి నున్నబడ్డ ఆ వేళ్లను ఆమె తిప్పి చూసుకుంటూ, వాటిదే తప్పన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి మనిషిని పంపిన ఊరు. తెలుగునాట అలా పేరు రాని ఊళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ ఊళ్లన్నిట్లో ఇవాళ ముసలితనంలో ఉన్న భార్యలు, విధవలు ఉన్నారు. నేను అడిగేది పెద్ద కోరిక కాదు. జిల్లా సైనిక సంక్షేమ అధికారులు ఏడాదికొకసారి ఆ ఊళ్లకే వెళ్లి, ఇంటాయన బతికుండగానే డిశ్చార్జి బుక్కులో, పెన్షను కాగితంలో భార్య పేరు సరిచూడాలి. భర్త పోయిన నెలలో ఏ ఆడమనిషినీ తన పేరు రుజువు చేసుకోమని బస్సెక్కించకూడదు. సంఘాలు పాత రిజిస్టర్లను చెదలకు వదలకుండా నకళ్లు తీయించాలి. ఇక మనం, ఇలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లం, ఆమె మాట్లాడగలిగినప్పుడే పక్కన కూర్చుని రాసుకోవాలి. నేను ఆలస్యం చేశాను. అరుగు మీద ఒక్క మధ్యాహ్నం లెక్కతో సరిపెట్టుకున్నాను.

కూడిక అయ్యాక భోజనాల దగ్గర ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుంది. ఆ వసారా ఆడవాళ్లలో ఇప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే. ఆమె భర్త కూడా పటాలంలోనే చేసి, ఎప్పుడో పోయాడు. చెవి దగ్గరికి రమ్మని నెమ్మదిగా చెప్పింది.

"మా ఆయన కార్డులన్నీ దాచుకున్నానయ్యా. పోయినేడు మా మనవరాలితో చదివించుకున్నా. అంతా గేదె సంగతి, పొలం సంగతి, అప్పుల సంగతి. మీ పెద్దమ్మ చదివినప్పుడు మటుకు ప్రతి ఉత్తరం చివరా, నీ ఒళ్లు జాగ్రత్త, నువ్వు తిన్నాకే పిల్లలకు పెట్టు, నీ మీదే ధ్యాసగా ఉంది అని ఉండేది. మనవరాలు ఎన్నిసార్లు తిరగేసినా ఆ మాటలు ఎక్కడా లేవు."

పెద్దమ్మ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ సంగతే అన్నాను.

"నాకు తెలవదా?" అంది ముసలామె, చెయ్యి వదలకుండా. "ఆ మాటలకు జవాబు కూడా చెప్పేదాన్ని. ఆమే రాసేది."