పెరటి మీదికి డ్రోన్ రావాలంటే ఇంటివారు ఒప్పుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెళ్లంటే ఇప్పుడు బ్యాండుమేళంతో పాటు డ్రోన్ కూడా ఉండాల్సిందే. ఊరేగింపు తీయడానికి లేచిన కెమెరా ఊరేగింపు దగ్గరే ఆగిపోదు. పక్క వీధి పెరళ్ల మీదుగా ఓ చుట్టు తిరిగి వస్తుంది. మన ఊళ్లలో ఇప్పటికీ ఎన్నో ఇళ్లకు స్నానాల గది అంటే పెరట్లో నాలుగు తాటాకు తడికలే, పైకప్పు ఉండదు. తడిక కాస్త ఎత్తుగా కట్టుకుంటే పక్కింటివారి చూపు తప్పించుకోవచ్చు. నెత్తి మీదికి వచ్చిన కెమెరాను ఏ తడిక ఆపుతుంది? ఎగరేసినవాడు ఏ మేడ మీద నిలబడ్డాడో, తీసిన వీడియో ఎవరి ఫోన్‌లోకి వెళ్లిందో లోపలున్న ఆడమనిషికి తెలిసే దారే లేదు.

ఆమెకు మన నిబంధనలు ఇచ్చిన రక్షణ ఏపాటిది? 2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ నిబంధనలు ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విడదీశాయి. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. విమానాశ్రయాలకు, రక్షణ స్థావరాలకు ఎరుపు గీత ఉంది. సామాన్యుడి పెరడు మాత్రం ఆకుపచ్చలోనే ఉండిపోయింది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. రెండు కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా ఎగరేసేవారికీ అవసరం లేదు. అదే ఏడాది మార్చిలో వచ్చిన పాత నిబంధనల్లో, ఫొటోలు, వీడియోలు తీసేవారు వ్యక్తుల, వారి ఆస్తుల గోప్యతను కాపాడాలన్న షరతు ఉండేది. పరిశ్రమకు అడ్డంకులు తొలగించే తొందరలో ఆగస్టు నాటికి ఆ షరతూ పోయింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే తేల్చి చెప్పాక జరిగిన పని ఇది. ఆ షరతును తీసేయడం తప్పు. దాన్ని తిరిగి పెట్టాలి.

భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది కదా అనవచ్చు. స్త్రీ ఏకాంతంలో ఉండగా చూడటం, చిత్రీకరించడం ఆ సెక్షన్ కింద నేరమే. కానీ అలా తీశారని రుజువు కావాలి. ఇంటి మీద పది నిమిషాల పాటు గిరికీలు కొట్టిన డ్రోన్ గురించి స్టేషన్‌కు వెళితే, ఏ సెక్షన్ కింద కేసు కట్టాలో ఎస్సైకి చెప్పే నిబంధన ఏదీ?

మన నేల మీది ఆకాశం మనదేనా అన్న ప్రశ్న కొత్తది కాదు. తగిన ఎత్తులో విమానం ఎగిరితే కింది భూమి యజమాని ఆక్రమణ దావా వేయడానికి వీల్లేదని 1934 నాటి విమానాల చట్టం చెప్పింది. వేల అడుగుల ఎత్తున పోయే విమానానికి అది సబబే. డ్రోన్‌కు తగిన ఎత్తు ఏది? అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన కాస్బీ అనే కోళ్ల రైతు ఇలాంటి గొడవనే కోర్టుకు తీసుకెళ్లాడు. సైనిక విమానాలు అతని నేల మీద 83 అడుగుల ఎత్తున పోతుంటే కోళ్లు బెదిరి గోడలకు కొట్టుకుని చచ్చేవి. భూమి యజమానికి ఆకాశమంతా చెందుతుందన్న పాత సిద్ధాంతాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1946లో తోసిపుచ్చింది. అయితే నేలను ఆనుకుని అతను వాడుకోగలిగినంత మేర మాత్రం అతనిదేనని, ప్రభుత్వం పరిహారం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆ హద్దు ఎక్కడో మన చట్టమూ అడుగుల్లో చెప్పాలి.

డ్రోన్ తలుపు తట్టకుండానే ఇంట్లోకి వస్తుందని మన నాయకులకు అనుభవమే. 2019 ఆగస్టులో కృష్ణా వరదల వేళ ఉండవల్లిలో చంద్రబాబు నాయుడు నివాసంపై డ్రోన్లు ఎగిరితే రాష్ట్రమంతా రగడ అయింది. 2020 మార్చిలో హైదరాబాద్ శివార్లలోని జన్వాడ ఫామ్‌హౌస్‌పై డ్రోన్ ఎగరవేయించారన్న కేసులో అప్పటి ఎంపీ రేవంత్‌రెడ్డి జైలుకు వెళ్లారు. పెద్దల గేటు మీద ఎగిరితే కదిలిన పోలీసు యంత్రాంగం, టెక్కలి పక్క పల్లెలో కూలి ఇంటి మీద ఎగిరినా కదలాలి.

డ్రోన్లు వద్దని మేము అనడం లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి అవి అన్నం పొట్లాలు చేర్చాయి. వంశధార, నాగావళి పొంగినప్పుడు మనకూ అవి కావాలి. పొలంలో మందు కొట్టే డ్రోన్ కూలి భారాన్ని తగ్గిస్తుంది. అయితే మన కమతాలు చిన్నవి. వరి మీద కొట్టిన మందు గాలికి గట్టు దాటి పక్కవాడి ఆకుకూర మడిలోనో, చేపల చెరువులోనో పడుతుంది. ముందురోజే రైతు సేవా కేంద్రంలో చెప్పి, పక్క రైతుకు కబురు పెట్టాకే ఎగరేయాలి.

ఇక జనం గుమిగూడే చోట ప్రమాదం ఇంకా సూటిగా ఉంటుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో యాభై అరవై అడుగుల మాను కొసన పూజారి కూర్చుని ఉంటారు. కింద మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. అదుపు తప్పిన ఓ రెండు కిలోల యంత్రం, రెక్కలు తిరుగుతూనే ఆ జనం మధ్యలో పడితే తగిలిన గాయం కన్నా తొక్కిసలాటే ఎక్కువ ప్రాణాలు తీస్తుంది. 2025 నవంబరు 1న కాశీబుగ్గ ఆలయ తొక్కిసలాటలో జరిగిన ప్రాణనష్టం చూశాక కూడా ఈ మాట కొత్తగా చెప్పాలా? ఎక్కడ ఎగరకూడదో తెలియకపోవడమూ ముప్పే. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మించారు. దాని ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల దాకా డ్రోన్లకు ఎత్తు ఆంక్షలు ఉంటాయి. ఏ ఊరు ఏ జోన్‌లోకి వస్తుందో డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో వెతుక్కోమంటే పెళ్లి ఫొటోగ్రాఫర్ వెతుక్కోడు. ఆ పటం ప్రతి పంచాయతీ గోడ మీద తెలుగులో ఉండాలి.

మనుషులకే కాదు, పక్షులకూ ఈ బెడద ఉంది. తేలినీలాపురంలో గూడబాతులు, తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. యూట్యూబ్ వీడియోల కోసం ఆ గూళ్ల మీదికి డ్రోన్ దించడాన్ని అటవీశాఖ పూర్తిగా నిషేధించాలి.

పౌర డ్రోన్ల బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 సెప్టెంబరులో ప్రజల ముందు పెట్టింది. పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. పైకప్పు లేని తడికల గది ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇళ్లు, పెరళ్ల మీద 150 అడుగుల లోపు ఎగరాలంటే అక్కడ ఉంటున్నవారి ఒప్పుదల తప్పనిసరి అని చట్టంలో రాయించాలి. అద్దెకున్నవారికీ ఆ హక్కు ఉండాలి. అంతకన్నా పైనుంచి జూమ్ చేసి ఇంటి లోపలిని తీసినా నేరమే కావాలి. పోలీసు డ్రోన్ తోటలో పేకాట పట్టడానికి లేచినా, ఎప్పుడు ఎక్కడ ఎందుకు ఎగిరిందో స్టేషన్ రికార్డుల్లో ఉండాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఏ ప్రాంతాన్నైనా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించే వీలు ఎస్పీ స్థాయి అధికారికి ఇప్పటికే ఉంది. విజయనగరం సిరిమానోత్సవానికి, అరసవల్లి రథసప్తమికి రెండు జిల్లాల ఎస్పీలు ఈసారి నుంచే ఆ ఉత్తర్వులు ఇవ్వాలి.