ఫోన్‌కి జూమ్ కాదు, ముందు ఎండ టెస్ట్ పెట్టాలి

బట్టమేక పిట్టని ఫొటో తీద్దామని జూమ్ బాగున్న ఫ్లాగ్‌షిప్ ఫోన్ పట్టుకెళ్లా. ఒకప్పుడు మన రోళ్లపాడులో కనిపించిన పక్షే, ఇప్పుడు ఎక్కువగా మిగిలింది జైసల్మేర్ వైపు. డెజర్ట్ నేషనల్ పార్క్‌కి ఫ్యామిలీతో కారులో బయల్దేరాం.

సమ్ ఇసుక తిన్నెలు దాటాక, డ్యాష్‌బోర్డ్ మీద మ్యాప్ చూపిస్తున్న ఆ ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. చుట్టుపక్కల అడుగుదామన్నా మనిషి లేడు. గట్టెక్కించింది మా ఆవిడ బ్యాగులోని పాత బడ్జెట్ ఫోన్! ముందురోజు హోటల్ వైఫైలో ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టింది; సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కదా.

ఐఫోన్‌ని 35 డిగ్రీలు మించిన చోట వాడొద్దని యాపిలే చెబుతుంది. అద్దం వెనక ఎండలో అంతకన్నా ఎక్కువే. మేమేమో రివ్యూల్లో నైట్ మోడ్ ఫొటోలు డజను పెడతాం, ఎండ టెస్ట్ ఒక్కటీ పెట్టం. ఇకపై నా రివ్యూల్లో మిట్టమధ్యాహ్నం కారులో అరగంట నావిగేషన్ తప్పనిసరి.

పిట్టా? కనిపించలేదు.