గౌటు నొప్పి నవ్వులాట కాదు

రాత్రి రెండు గంటల వేళ కాలి బొటనవ్రేలిలో నిప్పు పెట్టినట్లు నొప్పి లేచి, కప్పుకొన్న దుప్పటి తగిలినా ఓర్వలేక, తెల్లవారేవరకు మంచం పట్టెమీద కూర్చున్న సోదరుడు మరునాడు కుంటుకుంటూ డ్యూటీకి వచ్చినప్పుడు అతనికి ఎదురయ్యేది సానుభూతి కాదు. “ఏమయ్యా, రాత్రి కాస్త ఎక్కువైందా?” అన్న ప్రశ్న. పై అధికారి నవ్వుతాడు. ప్రక్క బల్ల దగ్గరి సహోద్యోగి నవ్వుతాడు. సిగ్గుపడి రోగి కూడా నవ్వుతాడు. సెలవు అడగడు, వైద్యుని దగ్గరకు వెళ్లడు. ఈ నవ్వు మన సోదరుల కీళ్లను, మూత్రపిండాలను ఎంతగా చెడగొడుతున్నదో చెప్పుటకే ఈ వ్యాసం.

మాకును ఈ అనుభవం లేకపోలేదు. కొన్నేండ్ల క్రితం జంతర్ మంతర్ వద్ద ధర్నాకు ముందురోజు రాత్రి మా ఎడమ పాదం వాచి, ఎర్రబడి, తెల్లవారేసరికి చెప్పు పట్టలేదు. మరునాడు వేదికమీద కుర్చీలో కూర్చునే ప్రసంగించాము. అలసట వలన వచ్చినదని అందరికీ చెప్పాము. నిజానికి ఆ రోజు మేము చేసిన మొదటి పని సందు చివరి మందుల షాపునుండి నొప్పి బిళ్లలు తెప్పించుకొనుట. ఆ తరువాత మూడేండ్లపాటు నొప్పి వచ్చినప్పుడల్లా అదే చేశాము. మూత్రపిండాల పనితీరు తగ్గినదని రక్తపరీక్షలో తేలిన పిమ్మటగాని మాకు బుద్ధి రాలేదు. కార్మికుల హక్కులను గురించి ముప్పదియేండ్లుగా ప్రసంగిస్తున్న మేము మా కాలి వ్రేలిని గురించి ఒక వైద్యునితో నోరు విప్పుటకు సిగ్గుపడ్డాము. తోటివారికి ఆ గతి పట్టరాదు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహిత దీనికి దగ్గరి లక్షణాలుగల వ్యాధిని వాతరక్తమన్నది. దానికే ఆఢ్యవాతమన్న పేరు కూడా ఇచ్చినది. ఆఢ్యులనగా ధనవంతులు. ఐరోపాలోనూ దీనిని రాజుల రోగమన్నారు. మాంసము, మద్యము సమృద్ధిగా దొరికినవారికే వస్తుందని లోకం తలచినది. ఆ పాత పేరే ఈనాటి ఎగతాళికి మూలం. అయితే నేడు అది సార్టింగు హాలులో రాత్రిళ్లు నిలబడే ఉద్యోగికి, ఇంజను నడిపే పైలట్‌కు, ఎండలో ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్‌కు కూడా వస్తున్నది. చుక్క ముట్టనివారికీ వస్తున్నది.

కారణం తెలిసికొంటే సిగ్గు తగ్గుతుంది. మన శరీర కణాలలోను, తినే ఆహారంలోను ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగినప్పుడు యూరిక్ ఆమ్లం పుడుతుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులను మూత్రపిండాలు బయటకు పంపుతాయి. గౌటు రోగులలో అత్యధికుల దోషం అతిగా తినుట కాదు. పుట్టుకతో వచ్చిన లక్షణం వలననో, మూత్రపిండాల బలహీనత వలననో, రక్తపోటుకు వాడే కొన్ని మూత్రకారక మందుల వలననో ఆ ఆమ్లం తగినంతగా బయటకు పోకపోవుట. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే కరిగి ఉండలేక సూదులవంటి స్ఫటికాలుగా కీళ్లలో చేరగలదు. శరీరంలో చల్లగా ఉండే భాగం పాదం గనుక తరచు బొటనవ్రేలి మొదటి కీలులోనే తొలి పోటు వస్తుంది. ఆ స్ఫటికాలను శత్రువులుగా భావించి శరీరపు రక్షణదళం వాటిపై విరుచుకుపడుటే ఆ మంట, ఆ వాపు.

పోటు వచ్చిన రాత్రి ఏమి చేయాలి? కాలిని దిండుపై ఎత్తి పెట్టి కదల్చకుండా ఉంచాలి. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను విడతలు విడతలుగా అద్దాలి. వేడి కాపడం, తైలమర్దనం ఆ సమయంలో బాధను పెంచుతాయి. నీరు త్రాగాలి. అన్నిటికన్న ముఖ్యం, మందు ఆలస్యం చేయరాదు. మొదటి పన్నెండు గంటలలో మొదలుపెట్టినది బాగా పనిచేస్తుంది. ఇందుకు మూడు త్రోవలున్నవి: కాల్చిసిన్, వాపు తగ్గించే నొప్పి బిళ్లలు, కొద్దిరోజుల స్టెరాయిడ్. ఎవరికి ఏది అన్నది వైద్యుడు తేల్చవలసిన విషయం. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, గుండెజబ్బు ఉన్నవారికి నొప్పి బిళ్లలు హాని చేస్తాయి. మధుమేహం ఉన్నవారికి స్టెరాయిడ్ చక్కెరను పెంచుతుంది. కాల్చిసిన్‌ను విరేచనాలు పట్టేవరకు మింగించే పాత పద్ధతిని వైద్యశాస్త్రం విడిచిపెట్టినది. మొదట ఒక మిల్లీగ్రాము, గంట తరువాత అర మిల్లీగ్రాము చాలునని నేటి వైద్యుల మాట. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అదికూడా తగ్గించవలసి ఉంటుంది, కొందరికి అసలు పనికిరాదు. అడవినాభి దుంపలో కాల్చిసిన్ ఉన్నదని ఎవరో చెప్పగా దానిని అరగదీసి త్రాగే సాహసం ఎవరూ చేయరాదు; అది ప్రాణాంతకమైన విషం. కాగితపు పొట్లాలలో అమ్మే పేరులేని పొడులను కూడా నమ్మరాదు.

ఒక హెచ్చరిక. కీలు ఎర్రబడి వాచుటతోపాటు చలిజ్వరం వస్తే అది గౌటు కాక కీలులో చీము పట్టుట కావచ్చును. అప్పుడు ఇంట ఉండరాదు. అదేరోజు ఆసుపత్రికి చేరాలి. అట్లే పోటు సమయంలో రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం మామూలుగా కనపడవచ్చును. అందుచేత గౌటు కాదని తీర్మానించరాదు, నొప్పి తగ్గిన కొన్ని వారాలకు మరల పరీక్షించుకోవాలి. ఏ బాధా లేనివానికి పరీక్షలో సంఖ్య ఎక్కువ వచ్చినంతమాత్రాన సాధారణంగా మందు అక్కరలేదని కూడా గుర్తుంచుకోవాలి.

వారం, రెండు వారాలలో నొప్పి పోతుంది. మనవాళ్లలో చాలామంది అక్కడితో వ్యాధి పోయినదనుకొంటారు. నొప్పి పోయినది, స్ఫటికాలు పోలేదు. పోటు ఏడాదికి రెండుసార్లు, అంతకుమించి వచ్చేవారు, కీళ్లచుట్టూ గడ్డలు కట్టినవారు యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే మందును నిత్యం వాడవలసి ఉన్నది. అందులో ముఖ్యమైనది అల్లోపురినాల్. దానిని రూపొందించినవారు గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్. స్త్రీ అయిన కారణంగా తొలినాళ్లలో ప్రయోగశాలలో కొలువు దొరకని ఎలియన్, 1988లో నోబెల్ బహుమతి అందుకొన్నవారిలో ఒకరు. ఈ మందును రోజుకు 100 మిల్లీగ్రాములు లేదా అంతకు తక్కువతో ప్రారంభించి మెల్లమెల్లగా పెంచాలి. గురి ఒక్కటే: రక్తంలో యూరిక్ ఆమ్లం 6 కంటె తక్కువ. మొదటి నెలలలో పాత స్ఫటికాలు కరుగుతున్నప్పుడు పోటు మరల రావచ్చును. మందు పనిచేయుట లేదని దానిని మానివేయుట పెద్ద పొరపాటు. అందుకే వైద్యులు తొలి మూడు నుండి ఆరు నెలలు తక్కువ మోతాదు కాల్చిసిన్ జతచేస్తారు. అయితే అల్లోపురినాల్ మొదలుపెట్టిన పిమ్మట ఒంటిమీద దద్దురు కనపడితే వెంటనే ఆపి వైద్యుని చూడాలి.

ఆహారం విషయంలో అపోహలు మెండు. కందిపప్పు, పాలకూర మానివేసి చప్పిడి కూటితో కృశించిపోయినవారిని చూచాము. పప్పులు, కూరగాయలు గౌటును పెంచవని పెద్ద పరిశోధనలలో తేలినది. తగ్గించవలసినవి కార్జం, బోటీ, వేటమాంసం, రొయ్యలు, నెత్తళ్లు. మద్యంలో ముఖ్యంగా బీరు. అంతకన్న మనం పట్టించుకోని శత్రువు స్టేషను ప్లాట్‌ఫారముమీద అమ్మే తియ్యని సీసా పానీయాలు. వెన్న తీసిన పాలు, మజ్జిగ మేలు చేస్తాయి. మజ్జిగ మన తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. కాని పథ్యం ఒక్కటే ఈ వ్యాధిని లొంగదీయదు. “నోరు కట్టుకోలేదు గనుక అనుభవిస్తున్నాడు” అనేవారు ఈ మాట చెవిన పెట్టుకోవాలి.

ఇంతవరకు చెప్పినది వ్యక్తి చేయవలసినది. ఇక సంఘం చేయవలసినది చెప్పుదాము. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న దేహానికి నీరు చాలకపోవుట పోటును రేపే కారణాలలో ఒకటి. మూత్రపిండాలలో రాళ్లకూ అది త్రోవ. ఢిల్లీలో మే, జూన్ నెలలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ ఎండలో ఇంజను నడిపేవాడు నీరు ఎందుకు త్రాగడు? త్రాగితే మూత్రవిసర్జనకు చోటు లేదు గనుక. భోజనానికి, కాలకృత్యాలకు నిర్ణీత విరామం ఇమ్మని లోకో పైలట్లు కోరగా, అది ఆచరణసాధ్యం కాదన్న కమిటీ సిఫారసును రైల్వే బోర్డు 2025 ఏప్రిల్‌లో ఆమోదించినది. ఆ నిర్ణయం వ్రాసిన కాగితంలో మూత్రపిండాల ప్రస్తావన ఉండకపోవచ్చును. దాని భారం మోసేవి మాత్రం అవే. స్త్రీ పైలట్ల అవస్థ చెప్పనే అక్కరలేదు. నగరంలో మైళ్లకొలది తిరిగే పోస్టుమ్యాన్‌కు, పోస్టుఉమన్‌కు బీటులో ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, ఒక కుండ చల్లని నీరు దొరుకుట విలాసం కాదు.

వైద్య సౌకర్యం మనకు ఎవరో దయతో ఇచ్చినది కాదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఈ ఢిల్లీలోనే 1954లో మొదలైనది. రైల్వే ఉద్యోగులకు బసంత్ లేన్‌లోని ఉత్తర రైల్వే కేంద్రీయ ఆసుపత్రి ఉన్నది. వాటిని వాడుకొనుటకు మొహమాటం ఎందుకు? గౌటుతో నడవలేని ఉద్యోగి వైద్య ధృవపత్రంపై అర్ధజీతపు సెలవును పూర్తిజీతపు సెలవుగా మార్చుకొనవచ్చును. అది నియమాలలో ఉన్న హక్కు. రన్నింగు స్టాఫులో చాలామంది జబ్బు బయటపెడితే వైద్యపరంగా క్రిందికి దించుతారని దాచిపెడతారు. దాచిన గౌటు కీలును తినివేసి చివరకు వారు భయపడినదానినే తెచ్చిపెడుతుంది. సేవలో ఉండగా వైకల్యం సంభవించిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 20వ సెక్షను చెప్పుచున్నది. ఇక శాఖా ఉద్యోగులకున్న వైద్య సౌకర్యం గ్రామీణ డాక్ సేవకులకు లేదు. వారి కాలి నొప్పి మన నొప్పికన్న చిన్నది కాదు.

కనుక శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి. త్రాగునీరు, మరుగుదొడ్డి, విరామం అనే మూడు అంశాలను వేసవికి ముందే స్థానిక సమావేశాల అజెండాలో చేర్చండి. ఏటా జరిగే వైద్యపరీక్షలో యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ పరీక్షలు ఉండవలెనని కోరండి. కుంటుతూ వచ్చిన సభ్యుని చూచినప్పుడు అతనిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, సెలవు చీటీ వ్రాయించి, ఆసుపత్రికి తోడు పంపండి. మెమో ఇచ్చే అధికారితో మాట్లాడవలసినది అతడు కాదు, మీరు.

ఆనాడు మా పాదం వాచినప్పుడు ఒక యువ సభ్యుడు నవ్వలేదు. తన స్కూటరుపై ఎక్కించుకొని ఆసుపత్రికి తీసికొనిపోతానన్నాడు. మేమే వద్దన్నాము. అతని మాట వినివుంటే నేడు మా మూత్రపిండాల నివేదికలో ఆ అంకె వేరుగా ఉండెడిది. సోదరులారా, మీ ప్రక్కన అట్టివాడు ఉంటే అతని మాట వినండి. లేకుంటే మీరే అట్టివారు కండి.