కాశీలో రెండు భవిష్యత్తులు

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో కాశీ ఎండిపోయిన నగరం. నీళ్లు, పచ్చదనం, మంచి తిండి అన్నీ పైన వేలాడే కాంప్లెక్స్‌కే. అందులో అడుగుపెట్టాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. ఊరికీ వాడకూ మధ్య గీత చూస్తూ పెరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. కథ రేపటిదే అయినా గోడ మాత్రం నేటిదే.

చిక్కంతా పరిష్కారం దగ్గరే. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా విముక్తి ఒక గర్భం నుంచే రావాలి. శంబాల తిరుగుబాటుదారులు ప్రాణాలొడ్డేదీ ఆ పుట్టుక కోసమే. మనిషి విలువను పుట్టుకే తేలుస్తుందనడం కులానికి మూలసూత్రం. కాంప్లెక్స్ కూలినా ఆ సూత్రం కూలదు.

అదే కాశీలో, శతాబ్దాల క్రితం, చర్మకార కులంలో పుట్టిన సంత్ రవిదాస్ బేగంపురాను ఊహించారు. అది దుఃఖం లేని ఊరు. అక్కడ పన్నుల బెంగ లేదు, రెండో తరగతి, మూడో తరగతి మనుషులు లేరు. ఎవరైనా ఎక్కడైనా తిరగవచ్చు. అవతారం కోసం ఎదురుచూపు లేదు, తోటి పౌరుడే మిత్రుడు. 1936లో ‘కుల నిర్మూలన’లో స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం పునాదిగా బాబాసాహెబ్ చెప్పిన ఆదర్శ సమాజానికి ఈ ఊహ ఎంతో దగ్గర.

రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. అందుకే ఏ భవిష్యత్ కథ చదివినా, చూసినా ఒక ప్రశ్న వేద్దాం: ఆ నగరంలో మురుగు ఎత్తేది ఎవరు?